గుండె పెద్దదన్నారు

మొన్న నాకు ఆయాసం వస్తోందని అక్క పట్టుబట్టి బెజవాడ తీసుకెళ్తే, డాక్టరుగారు గుండెకి ఎమ్మారై తీయించారు. గొట్టంలాంటి ఆ మిషన్లో పడుకుని, బిగబట్టమన్నప్పుడల్లా ఊపిరి బిగబట్టి, చెవులు పగిలే ఆ మోత భరించి బయటపడ్డాను. సాయంత్రం ఆయన రిపోర్టు చూసి, గుండెలోని నాలుగు గదుల కొలతలూ నా వయసు ఆడవాళ్ళకి, నా ఒంటికి ఉండాల్సినట్టే ఉన్నాయనీ, రక్తం తక్కువై ఆయాసం వస్తోందనీ చెప్పారు. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం పక్కన కూర్చున్న అక్క మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో మన వైపు గుండె ఎంతుందో చూడాలంటే ఎక్స్‌రేనే దిక్కు. అప్పట్లో మాది రెడ్డిగూడెం. మగవాళ్ళు చివర వల చిక్కం కట్టిన గడలతో మామిడికాయ దింపితే, అక్కా నేనూ గంపలకెత్తుకుని లారీ దాకా మోసేవాళ్ళం. ఒక ఎండాకాలం జ్వరమొచ్చి నేను నిలబడలేకపోతే, నూజివీడు ఆస్పత్రిలో పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, గుండె పెద్దదైంది, బరువులెత్తకూడదన్నారు.

అంతే, ఆ రోజునుంచి అక్క నన్ను గంప ముట్టుకోనివ్వలేదు. మేస్త్రీని బతిమాలి, నీడన కూర్చుని కాయలు ఏరి గడ్డిలో పేర్చే పని నాకిప్పించి, నా వంతు మోత కూడా తనే మోసింది. జ్వరం తగ్గాక నాకు ఏ ఇబ్బందీ లేదు, అయినా ఆ నీడ హాయిగానే ఉండేది, అది తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తుంది. కూర్చుని చేసుకునే పనని నాకు కుట్టుమిషను నేర్పించిందీ తనే. ఇవాళ నా మెడ నిటారుగా ఉంది, అక్క మెడ వంగిపోయింది.

ఆ పాత సంగతి చెబితే డాక్టరుగారు, పడుకోబెట్టి తీస్తే మామూలు గుండె కూడా పెద్దగా కనిపిస్తుందమ్మా అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం, "పోన్లేవే, బాగానే ఉందన్నారుగా. ఆ సంచి ఇటియ్యి, బరువెత్తకు" అంది.

ఇప్పుడు తోటల్లో గంపలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి, ట్రాక్టరు చెట్టు కిందికే వస్తోంది, గుండె గదుల్ని ఇంతని కొలిచి చెప్పే మిషన్లూ వచ్చాయి. అన్నీ మా వయసు అయిపోయాకే వచ్చాయి. ఆ సంచి నేనివ్వలేదు, బస్టాండు దాకా నేనే మోశాను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అక్క తన కొంగు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నా పక్కన నడిచింది.