కల్వర్టు కింద అరచెయ్యంత మచ్చ

మొన్న హిందూపురం నుంచి వస్తూంటే, పెనుకొండ దాటాక రోడ్డు వెడల్పు చేస్తున్నారు. వంక మీది పాత కల్వర్టును పడగొట్టడానికి మిషను తెచ్చి నిలబెట్టారు. కారు ఆపించి దిగాను. "ఆడేముండాది తాతా?" అంది మనవరాలు. నా భయం ఉంది అని చెప్పలేక, ఊరికే చూసొస్తానన్నాను.

అరవైల మొదట్లో ఓవర్సీరు చదువు ఆఖరి ఏడాది మాది. కాగితాల మీద వంతెనలు గీయడమే తప్ప సిమెంటు మూట మోయని మమ్మల్ని మా సారు ఈ వంకకు తోలుకొచ్చారు. వానొస్తే అవతలి పల్లె పిల్లలకు బడి ఉండేది కాదు. అక్కడ కట్టబోయే కల్వర్టుకు కొలతలు తీయడం, బొమ్మ గీయడం, పని దగ్గర నిలబడడం అంతా మేమే. బొమ్మ నేను గీశాను. దాన్ని చుట్టచుట్టి ధర్మవరం తీసుకుపోయి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న మా నాయనకు గొప్పగా చూపించాను. ఆయన ఆడుతున్న చెయ్యి ఆపకుండానే "మోస్తాదా?" అన్నాడు.

మా మేస్త్రి ఇళ్లకు సజ్జలు పోసి చెయ్యి తిరిగినవాడు. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే సజ్జకు ఇనుప కడ్డీలు పైభాగాన ఉండాలి, కల్వర్టు మీది కాంక్రీటు బండకేమో అడుగున ఉండాలి. తారుమారైతే బండ కూలుతుంది. కాంక్రీటు పోసే పొద్దున ఆయన "కడ్డీలు పైననే గదప్పా?" అన్నాడు. కాదు, అడుగున అన్నాను. తలూపాడు. మధ్యాహ్నం కడుపు నిండా సంగటి తిని, నీడన కునుకు తీశాను. లేచేసరికి పోయడం అయిపోయింది. కడ్డీలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. అయినా సిగ్గుకొద్దీ రిజిస్టరులో 'చూశాను' అని సంతకం గీకేశాను.

గట్టిపడాలని మూడు వారాలు బండకు నీళ్లు పట్టారు, నాకు చెమటలు పట్టాయి. మా సారుది ఒక పద్ధతి. పోతకు ఆనుగా పెట్టిన కింది చెక్కలు తీశాక మొదటి బండి పోయేటప్పుడు, గీసినవాడు కింద నిలబడాలి. నా ప్రాణం మీద తీపితో వణికాను, అబద్ధమెందుకు. ఆ తర్వాత పిల్లలు గుర్తొచ్చి ఇంకా వణికాను. ఇంటికి పోతే అన్నం సయించలేదు. నాయన గుచ్చిగుచ్చి అడిగితే కక్కేశాను. "పోగు తప్పిందని అనుమానమొస్తే నేనేం జేస్తా? విప్పి సూస్తా. పో, మీ సారుకు సెప్పు" అన్నాడు.

వంక దగ్గరికి పోయి సారుకు చెప్పేసరికి వేరుశనగ మూటల బండి సిద్ధంగా ఉంది, గట్టు మీద పిల్లలు కేరింతలు కొడుతున్నారు. సారు తిట్టలేదు. ఉలి, సుత్తి నా చేతికిచ్చి, "నువ్వే కొట్టు" అన్నారు. బండ కింద తల పైకెత్తి కొట్టాను. కళ్లలో సిమెంటు పొడి పడింది. ఒక అంగుళం పోయాక ఉలి ఖంగుమంది. కడ్డీ! "అడుగున పెట్టమంటివి గదప్పా, పెడితి" అన్నాడు మేస్త్రి, నొచ్చుకుంటూ. నాకు ఏడుపొచ్చింది. సారు పాత సంతకం కొట్టేయించి, కొత్తది పెట్టించారు. గుంతను సిమెంటుతో పూడ్చాక నేను కింద నిలబడ్డాను, బండి పైన పోయింది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చూడనిదానికి సంతకం పెట్టలేదని నన్ను నిజాయితీపరుడన్నారు. అది ఒట్టి భయం.

మొన్న వంగి కిందికి దూరాను. బండంతా నల్లబడింది, ఆ గుంత పూడ్చిన అరచెయ్యంత మచ్చ మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద చెయ్యి పెట్టాను. అరవై ఏళ్లు ఆ బండ గట్టిదని ఒప్పుకున్నాయి, కింద నిలబడ్డ నా కాళ్లు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.