కనిగిరిలో అటక మీది దిండు

అక్షరదోషాలకు ముందే క్షమించండి. ఐదో తరగతితో బడి మానేశాను, నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. మా ఆడపడుచు తన ప్రయాణాల బ్లాగులో పెడతానంటే నోటు పుస్తకంలో రాసిస్తున్నాను, టైపు చేసేది తనే. మేము నూర్‌బాషాలం, పరుపులు కుట్టుకుని బతుకుతాం. చిలకలూరిపేటలో మా ఆయనకు దూది ఏకే మిషను ఉంది. ఒక్కదాన్నే ఇంత దూరం వెళ్ళడం నాకిదే మొదటిసారి. కనిగిరి కొండమీది కోట చూడబోయేవాళ్ళకు దారి పనికొస్తుందని రాస్తున్నాను కానీ, నేను వెళ్ళింది కోట కోసం కాదు. మా అన్నయ్య కోసం.

మా పుట్టింటి ఊళ్ళో పీర్ల చావిడి మా నాన్న చూసేవాడు. మొహర్రంకు అరచెయ్యి ఆకారపు ఇత్తడి పీర్లకు రంగురంగుల గుడ్డల దట్టీలు కట్టి ఎత్తేది మా ఇంటి మగవాళ్ళే. హిందువులు కూడా వాటికి నీళ్ళు వారబోసి మొక్కుకుంటారు. కొన్నేళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు వచ్చారు. పేరు రాయను. మొదట రక్తదానం, పిల్లలకు పుస్తకాలు. తర్వాత తెల్లారకముందే తోటలో కర్రసాము, జెండా, ఊరేగింపులు. పీర్లను మొక్కడం తప్పన్నారు. అన్నయ్య వాళ్ళలో ముఖ్యుడయ్యాడు. ఒక మొహర్రంకు చావిడికి తాళం వేసి, అడ్డొచ్చిన డప్పు మస్తాన్ తాతను కొట్టారు. ఆయన కుడిచేతి వేళ్ళు విరిగాయి. పీర్లు మాయమయ్యాయి. కాలవలో పారేశారని ఊరంతా అనుకుంది. తర్వాత ఆ సంస్థను నిషేధించారు. ఆఫీసుకు సీలు వేశారు, పెద్దలు జైలుకు పోయారు, అన్నయ్య కనిగిరి వెళ్ళిపోయాడు. నాన్న చనిపోయినప్పుడు వచ్చి, మన్ను వేసి ఆ పూటే తిరిగి వెళ్ళాడు. ఈ ఏడు చావిడి తెరవాలని ఊరు అనుకుంది. మస్తాన్ తాత నన్ను పిలిపించాడు. "మీ అన్నను రమ్మనమ్మా. తిట్టడానికైనా వాడు నాకు కనపడాలి" అన్నాడు.

పేటలో ఆరుంబావుకు ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే డబ్బులు లేని టికెట్ ఇస్తారు. ఎనిమిదికి ఒంగోలు చేరాను. బస్టాండు బయట నలభై రూపాయలకు ఇడ్లీ తిని ఎనిమిదిన్నర కనిగిరి బస్సు పట్టుకున్నాను. చీమకుర్తి దగ్గర ఇంటంత నల్లరాళ్ళు లారీల మీద పోతుంటే నోరు తెరుచుకుని చూశాను. పొదిలి దాటాక వాన కోసం దున్ని ఉంచిన ఎర్రటి చేలు. అన్నయ్యతో ఏం మాట్లాడాలో పక్కసీటు మీద వేలితో రాసుకుంటూ కూర్చున్నాను. ఆ సంస్థలో ఉన్నదేమిటి, వాడు నాన్నను కూడా కాదనుకుని వెళ్ళేంత? అదే నాకు తెలుసుకోవాలని ఉంది.

పదకొండుకు దిగాను. అన్నయ్య ఉండేది తను పనిచేసే పరుపుల షాపు వెనక, ఒకటే గది. అన్నయ్య గడ్డం సగం తెల్లబడింది. తినడానికి అరటిపండ్లు పెట్టాడు. చావిడి తెరుస్తున్నారని, తాత రమ్మన్నాడని చెప్పి, సిగ్గు చంపుకుని అడిగేశాను.

"ఎందుకెళ్ళావన్నా వాళ్ళతో?"

వాడు సూదికి దారం ఎక్కించాడు. "ఊళ్ళో నన్ను ఎవడైనా 'ఏరా దూదీ' అనేవాడు కదా. వాళ్ళు మొదటిరోజే కుర్చీ వేసి 'రండి' అన్నారు. అంతే అమ్మాయ్. ఆ 'రండి' కోసం వాళ్ళు ఏం చెప్పినా చేశా."

"తాతను కొట్టమన్నా కొట్టావా?"

"కొట్టింది ఇంకొకడు. చెయ్యి కదలకుండా పట్టుకుంది నేను." తల ఎత్తలేదు. "నిషేధం వచ్చిన రోజు పెద్దాళ్ళందరికీ ఫోన్ చేశా. ఒక్కడూ ఎత్తలా."

అప్పుడు అటక మీద పొడుగు దిండు కనిపించింది. వాడు పడుకునేది వట్టి చాప మీద. పరుపులు కుట్టే ఇంట్లో ఎవరైనా దిండును అటకెక్కిస్తారా? పైగా దాని మూతికి మిషను కుట్టు లేదు. అచ్చం నాన్న వేసేలాంటి చేతికుట్టు, రెండు వరసలు.

"పారేయమన్నారు," అన్నాడు నా చూపు గమనించి. "కాలవ దాకా వెళ్ళా. నాన్న ఎత్తినవి... చేతులాడలా. దూదిలో పెట్టి కుట్టేశా. నాకిప్పటికీ వాటి మీద నమ్మకం లేదు. నువ్వు పట్టుకెళ్ళు."

"నేనెట్టా పట్టుకెళ్తా? ఆడపిల్ల పీరెత్తకూడదు, మనింటి పద్ధతి."

"అదంతా ఉత్తి మాట. దిండే కదా, ఎత్తు!"

"నీకు ఉత్తి మాట. నాకు కాదు. నువ్వే తేవాలి."

వాడు నన్ను అట్లా చూసి చూసి నవ్వేశాడు. "నోట్లోంచి మాట రాని పిల్లవి, ఎక్కడ నేర్చావే?" అని స్నానానికి లేచాడు.

రెండు గంటల బస్సెక్కాం. అన్నయ్య టికెట్ కొన్నాడు. కండక్టరు, "ఏమయ్యా, ఆ దిండును పసిబిడ్డలా పట్టుకున్నావ్, పైన పడెయ్" అన్నాడు. "పడేసేది కాదండీ" అన్నాడు అన్నయ్య. "అయితే దానికీ హాఫ్ టికెట్ కొట్టనా?" బస్సంతా నవ్వింది. ఒంగోలులో బస్సు మారి, పేటలో ఆటో ఎక్కి, పొద్దుగూకే వేళకు మస్తాన్ తాత గుమ్మం ముందు దిగాం. అన్నయ్య వీధిలోనే నిలబడిపోయాడు.

తాత అరుగు దిగి వచ్చాడు. దిండు తడిమాడు. లోపలి ఇత్తడి వేళ్ళకు తగిలినట్టుంది, చెయ్యి అక్కడే ఆగింది. "దొంగనాకొడకా," అన్నాడు మెల్లగా. వంకర తిరిగిన తన కుడిచెయ్యి అన్నయ్య మొహం ముందు పెట్టాడు. "ఇది ముడి వెయ్యలేదురా. దట్టీలు నువ్వే కట్టాలి. నమ్మకం లేకపోయినా సరే, ముడి గట్టిగా వెయ్యి."

ఆ రాత్రి అన్నయ్య ఏమీ తినలేదు, కానీ వెళ్ళిపోలేదు కూడా. మనిషికి ఒక కుర్చీ, ఒక 'రండి' ఇంత ఆకలా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. అది మేమే ఇచ్చి ఉంటే తాత చెయ్యి బాగుండేదేమో. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: సూపర్ లగ్జరీలో ఆడవాళ్ళకు ఉచితం లేదు, బోర్డు చదివి ఎక్కండి. అమ్మాయ్, ఇది టైపు చేశాక నా కాగితాలు పొయ్యిలో పెట్టెయ్. వాటిలో రెండుచోట్ల అన్నయ్య పేరు రాసేశాను.