పదకొండో నిమిషం దగ్గర నలభై సెకన్లు

"ఆ మెల్‌బోర్న్ వాళ్ళకే ఫోన్ చేయండి. వాళ్ళొచ్చి మన సామాన్లు సర్దిపెడతారు."

"కాస్త మెల్లగా మాట్లాడు కుముదినీ."

"మెల్లగానా? మూడేళ్ళ నుంచి ఆ మైకు ముందు కూర్చుని మీరు అరిస్తే లేదుగానీ, నేను నోరు విప్పితే ఇరుగుపొరుగు గుర్తొచ్చారా?"

తలుపు అవతల నిలబడి ఇంతవరకూ విన్నాను. కువైట్‌లో, హవల్లీలోని ఆ భవనంలో మూడో అంతస్తు గొడవ లిఫ్టు దాకా వినిపిస్తుంది. బెల్ కొట్టగానే లోపల ఇద్దరూ ఆగిపోయారు. తలుపు తీసిన రాజగోపాల్ గారు "రా వెంకీ" అని మాత్రం అన్నారు. ఇంట్లో ఆయన్ని ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలోనే చూశాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం బనియన్ మీద ఉన్నారు.

ఆయనది విజయవాడ. వయసు నలభై ఆరు. షర్క్ ప్రాంతంలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీకి పైపులు, సిమెంటు కొనిపెట్టే ఉద్యోగం. బయటికి ఇంతే మనిషి. వారంలో ఒక్క గంట మాత్రం వేరే మనిషి. 'తక్కువ సర్కారు' అనే పాడ్‌కాస్ట్‌లో ఆస్ట్రేలియా రాజకీయాల మీద తెలుగులో మాట్లాడతారు. మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్‌లలో నాలుగు వేల మంది తెలుగువాళ్ళు వింటారు. పేరు చెప్పరు, మొహం చూపించరు. రికార్డింగు సరిచేసి ఎక్కించే పని నాది. నేను ఇంజినీరింగు మూడో ఏట వదిలేసి వచ్చి, ఆయన ఇంటి కిందనే ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుంటాను.

ఉండేది ఇక్కడ, మాట్లాడేది ఆస్ట్రేలియా గురించి, ఎందుకు సార్ అని మొదటివారమే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. మెల్‌బోర్న్‌లో చదువుకునేటప్పుడు పక్కింట్లో ఒక గ్రీకు ముసలాయన ఉండేవాడట. కూరగాయల కొట్టు. తన పెరట్లో తన చెట్టు కొట్టుకోవడానికి అక్కడి కౌన్సిల్ ఒప్పుకోలేదు. ముసలాయన మీటింగుకు వెళ్ళి, మేయర్ మొహం మీదే దద్దమ్మ అన్నాడు. తోడు వెళ్ళిన రాజగోపాల్ గారు, పక్కింటికి పోలీసులు ఎప్పుడొస్తారా అని వారం రోజులు కిటికీలోంచి చూశారు. ఎవరూ రాలేదు.

"చెట్టు సంగతి వదిలెయ్. వాళ్ళు కొట్టనివ్వలేదు. కానీ తిట్టినవాడు తెల్లారి మామూలుగా టమాటాలు అమ్ముకున్నాడు వెంకీ," అన్నారు. అది చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారుతుంది.

చదువు అయ్యేలోపు వీసా నిబంధనలు మారిపోయి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత కువైట్, పదహారేళ్ళు. ఆ దేశం మాత్రం ఆయన్ని వదల్లేదు. పొద్దున్నే అక్కడి పేపర్లు చదివాకే ఆఫీసుకు బయల్దేరతారు. మనిషి జోలికి ప్రభుత్వం ఎంత తక్కువగా వస్తే అంత మంచిదన్నది ఆయన వాదన. ఓటు వేయకపోతే జరిమానా ఏమిటి, వేయకపోవడమూ ఒక అభిప్రాయమే కదా అంటారు. సిగరెట్ల మీద పన్ను పెంచుతూ పోతే జనం మానలేదు, దొంగ సరుకుకు మళ్ళారు అంటారు. పదహారేళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా లేకుండా చట్టం చేసినప్పుడు, పిల్లల్ని చూసుకోవడానికి తల్లిదండ్రులు చచ్చిపోయారా అని గంటంపావు మాట్లాడారు. ఆ వారమే తన కూతురు ప్రణతి ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను అదే అడిగితే, "తాళం వేసింది నేను, మంత్రి కాదు," అన్నారు.

రికార్డింగు ఇక్కడి సెలవురోజు శుక్రవారం ఉదయం, భవనం కింద పార్కింగులో ఆయన కారులో. ఏసీ చప్పుడు పడుతుందని ఆపేస్తారు. ఎండాకాలంలో చొక్కా విప్పి ఒళ్ళో పెట్టుకుని ఆస్ట్రేలియా బడ్జెట్ మీద మాట్లాడిన మనిషి. కువైట్ అనే మాట ఎప్పుడూ రాకూడదు. మసీదులో అజాన్ మొదలైతే ఆపేసి, అయ్యాక మళ్ళీ మొదలుపెడతారు. పొరపాటున వెనక వినబడితే ఆ ముక్క తీసెయ్యమనేవారు. నూట నలభై ఎపిసోడ్లలో ఆయన ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారో ఒక్కరికీ తెలియలేదు.

పోయిన వారం నూట నలభై ఒకటోదాంట్లో పదకొండో నిమిషం దగ్గర జారారు. కరోనా రోజుల్లో ఆస్ట్రేలియా తన పౌరులను అనుమతి లేకుండా దేశం దాటనివ్వలేదు. దాని మీద మండిపడుతూ, అదే ఊపులో, "నన్ను చూడండి. నేను సెలవుకి దేశం దాటి మా ఊరెళ్ళాలన్నా ఇక్కడ కంపెనీ ఒప్పుకోవాలి. ఫోన్లో నా వేలితో నేనే అర్జీ నొక్కుకుంటాను, ఒప్పుకోగానే థాంక్స్ కూడా చెబుతాను," అన్నారు. కంపెనీ ఎలా ఉంటుందో, మేనేజరు ఎలా నవ్వుతాడో కూడా చెప్పారు. మొత్తం నలభై సెకన్లు. అజాన్ పడితే తీసే నేను, దాన్ని తీయలేదు. మూడేళ్ళలో అంత బాగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఎక్కించే ముందు ఆయనకు వినిపించాను. విన్నారు, తీసెయ్యమనలేదు.

గొంతు పోల్చుకున్నాడేమో, ఎవడో ఆ లింకును, పదకొండో నిమిషం దగ్గర వినండి అని రాసి, ఆయన కంపెనీ ముదీర్‌కు పంపాడు. ముదీర్ అంటే మేనేజరు. తెలుగు రాదు. అందుకని కంపెనీ కాగితాల పనులన్నీ చూసే మందూబ్ అబ్దుల్ సలాంకి ఇచ్చి, ఆఫీసు మళ్ళీ తెరిచే ఆదివారం పొద్దున అందులో ఏముందో చెప్పమన్నాడు. అబ్దుల్ సలాంది కడప. జుమ్మా నమాజు అవగానే రాజగోపాల్ గారికి ఫోన్ చేశాడు. ఆ మాటలు ఆయన నాకు ఫోన్లో ఉన్నవున్నట్టు చెప్పి రమ్మన్నారు.

"సారూ, గొంతు మీదే, నాకు తెల్సు. ముదీర్ నన్ను అడిగితే ఉండేది చెప్తా, అబద్ధమాడి నా పిల్లోళ్ళ కడుపు కొట్టుకోలేను. అయితే లేందాన్ని నేనేడ చెప్తా? ఆదివారం లోపల చూసుకోండి."

ఉద్యోగం పోతే ఆయన ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, పోతుంది. ఆయన ఇఖామా మీదే భార్యా కూతురూ ఇక్కడ ఉన్నారు. ప్రణతికి పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు మూడు వారాల్లో.

కుముదిని గారు నన్ను కూర్చోమనలేదు. "నువ్వైనా చెప్పు వెంకీ. మొత్తం తీసేస్తే పోతుంది కదా, నూట నలభై ఒకటీ."

"నలభై సెకన్లు చాలు ఆంటీ. పాత ఫైలు తీసి కొత్తది పెడితే లింకు అదే ఉంటుంది. ముదీర్ నొక్కినా ఏమీ దొరకదు."

"అదీ తీయనంటున్నారు ఈయన."

రాజగోపాల్ గారు సోఫా చేతిని గీకుతూ కూర్చున్నారు. భయపడి నోరు మూసుకోకండి అని మూడేళ్ళు ఊరందరికీ చెప్పి, ఇప్పుడు నేనే కోసుకుంటే నా మొహం నేనెలా చూసుకోను అన్నారు. నాకు చిర్రెత్తింది. మూడేళ్ళుగా అనుకుంటున్న మాట అనేశాను.

"సార్, మీది ధైర్యం కాదు. ఆ దేశం మంత్రులు ఇక్కడికి రారు కాబట్టి తిట్టారు. ఇక్కడి గురించి మాట్లాడింది ఆ నలభై సెకన్లే. దానికే ఇల్లు ఇట్లా వణుకుతోంది."

కుముదిని గారు నా వైపు చూశారు, కొడతారేమో అనిపించింది. ఆయన మాత్రం తల ఊపారు. "మరి నువ్వెందుకు ఉంచావురా దాన్ని?" అని అడిగారు.

అప్పుడు లోపలి గదిలోంచి ప్రణతి వచ్చింది, చేతిలో ఫిజిక్స్ పుస్తకంతో. అంతా విన్నదని మొహమే చెబుతోంది. నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "నాన్నా, స్కూల్లో హాల్ టికెట్ ఇచ్చారు. నీ సంతకం కావాలి. ఆదివారం తీసుకెళ్ళాలి," అంది.

ఆయన జేబు తడుముకున్నారు. బనియన్‌కి జేబు లేదు. నా పెన్ను ఇచ్చాను. సంతకం పెట్టి, ఆ కాగితంలో ఆమె ఫోటో వైపు కాసేపు చూసి, తిరిగి ఇచ్చారు. ప్రణతి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"లాప్‌టాప్ తియ్," అన్నారు.

డైనింగు టేబుల్ మీద తెరిచాను. పదకొండో నిమిషం దగ్గరికి వెళ్ళి, ఆయన గొంతు గీతలను ఈ చివర నుంచి ఆ చివరకు పట్టుకున్నాను. కుముదిని గారు నా కుర్చీ వెనక నిలబడి ఆయన వైపు చూడకుండా తెర వైపే చూస్తున్నారు. ఒక్క మీట నొక్కితే అది పోతుంది, అటూ ఇటూ మాటలు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. అజాన్ ముక్కలు అలాగే తీసేవాణ్ణి, వినేవాళ్ళకి అతుకు తెలిసేది కాదు.

నొక్కబోతుంటే రాజగోపాల్ గారు నా మణికట్టు పట్టుకున్నారు. కుముదిని గారు "మళ్ళీ ఏంటండీ," అన్నారు.

"తీసెయ్ వెంకీ," అన్నారాయన. "కానీ అతికించకు. ఆ నలభై సెకన్లు ఖాళీగానే ఉండనీ. నాకోసం ఆ ఒక్కటీ చెయ్."