బావ ఊపిరి కోసం రాయ్‌పూర్‌లో రెండు బాల్కనీలు

ఏ ఊరెళ్లినా ఎత్తైన చోటెక్కి, మేడల వరుసనూ దాని చుట్టుపక్కలనూ చూసి పదికి మార్కులు వేయడం నాకు పాత జబ్బు. కొండ, సముద్రం రెండూ ఉన్న మా విశాఖకు తొమ్మిది, హైదరాబాద్‌కు ఏడు. రాయ్‌పూర్‌లో నర్సుగా చేస్తున్న మేరీ అక్కకు ఈ పిచ్చి తెలుసు. "రెండు ఫ్లాట్లు చూశాం రా, తేలట్లేదు. నువ్వొచ్చి మార్కులెయ్యి" అని ఫోన్ చేసింది. ఊరి శివార్లలోని సిల్తారా ఇనుము ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసిన బావకు ఆయాసం. ఇల్లు మారమని డాక్టర్ గట్టిగా చెప్పాడట.

విశాఖలో సాయంత్రం రైలెక్కితే ఉదయానికి రాయ్‌పూర్. స్టేషన్ నుంచి మోవా పేటకు ఆటో నూట యాభై రూపాయలు. బిల్డింగులు చూడ్డానికొచ్చానంటే డ్రైవర్ పగలబడి నవ్వాడు. "తో ముంబయి జానా థా, భైయా!" దానికి ముంబయికే పోవాల్సిందట.

మోవాలోని మొదటి ఫ్లాట్‌కు ఆ రోజే సూర్యాస్తమయం వేళ ముగ్గురం వెళ్లాం. మేడల వెనక ఆకాశం కుంకుమ ఆరబోసినట్టుంది. బావ దూరంగా పొగ చూపించి, "మా చిమ్నీలే బామ్మర్దీ! ఇంట్లోంచే డ్యూటీ చేసెయ్యొచ్చు" అని మురిసిపోయాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గు. నేను ఎనిమిదిన్నర ఇచ్చేశాను. అక్క వార్డులో మంచాలు పరీక్షించినట్టే సంచిలోంచి తెల్లటి గాజుగుడ్డ తీసి బాల్కనీ కమ్మీ తుడిచింది. గుడ్డ నల్లబడింది.

"ఆ ఎరుపంతా ధూల్ రా, ఫ్యాక్టరీల దుమ్ము. దానికి మార్కులేస్తావా?" అంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే టాక్సీలో, కొత్తగా కడుతున్న నవా రాయ్‌పూర్‌లోని రెండో ఫ్లాట్‌కు వెళ్లాం. వెడల్పాటి రోడ్లు, అక్కడొకటి ఇక్కడొకటి మేడలు, ఆరంగ్ వైపు పచ్చటి వరిపొలాలు. చూపుకు చప్పగానే ఉంది, మహా అయితే అయిదు. నేనింకా లెక్కేస్తుండగా బావ బాల్కనీ కమ్మీ పట్టుకుని ఒక కీర్తన ఎత్తుకున్నాడు. చరణం చివరిదాకా దగ్గు రాలేదు. "చర్చిలో పాట మానేసి రెండేళ్లయింది రా" అని అక్క కళ్లు తుడుచుకుంది.

ఇన్నాళ్లూ ఊళ్లను ఒక్క సాయంత్రం చూసి తీర్పు చెప్పాను, ఆ గాలి రోజూ పీల్చేవాళ్లను ఒక్కసారీ అడగలేదు. నవా రాయ్‌పూర్ వెళ్లేవాళ్లు టాక్సీ రానూపోనూ మాట్లాడుకోండి, అక్కడ ఖాళీ ఆటోలు దొరకడం కష్టం. మా డ్రైవర్ కిందినుంచి హారన్ కొడుతున్నాడు. కాసేపు ఆగమని చెయ్యి ఊపాను. బావ రెండో చరణం అందుకున్నాడు.