వేడెక్కని వాద్యం

వైర్ల బాబాయ్ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి గంటసేపు దాని జోలికి పోడు. పక్కనే కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

“బావా, అదేమన్నా పొయ్యా, వేడెక్కడానికి?” అంటాడు బావమరిది. రిపేరు షాపు నడుపుతాడు. ఆ కంప్యూటర్ బిగించిందీ, అందులో సంగీతం సాఫ్ట్‌వేర్ ఎక్కించిందీ అతనే.

“అలవాటురా. నీకెందుకు?”

ఆ అలవాటు బీరువా అంత సింథసైజర్, అంటే కరెంటుతో పలికే పాత వాద్యం, నేర్పింది. దాని ముందు భాగమంతా రంధ్రాలు, రంధ్రం నుంచి రంధ్రానికి వైర్లు. ఆయనకు ఆ పేరు అలా వచ్చిందే. ఆన్ చేయగానే ఒక శ్రుతిలో పలికేది, వేడెక్కేకొద్దీ పైకి జరిగేది. గంట ఆగితేగాని నిలకడగా ఉండేది కాదు. వయసులో ఉండగా దానిమీద ఆరు పాటలు వాయించాడు. మాటల్లేని పాటలు. రికార్డుగా వచ్చి కొన్నాళ్లు హోటళ్లలో, బస్సుల్లో మోగాయి. పెద్ద పేరేం రాలేదు గానీ, ఆయనకు ఉన్న పేరల్లా అదే.

ఆ బీరువా అంత వాద్యం పాత ఇనుపసామాన్లలోకి పోయింది. రికార్డు కంపెనీ గోదాములో పాటల టేపులు చెమ్మ పట్టి పూత రాలిపోయాయి. ఇంట్లో మిగిలిన ఒక్క డిస్కు నిండా గీతలే. ఇంతలో కంపెనీ నుంచి ఒక ఇంజినీరమ్మ ఫోన్ చేసింది. పాత రికార్డులు మళ్లీ విడుదల చేస్తున్నామంది. ఉన్నది ఉన్నట్టు కొత్తగా వాయించి పంపితే ఆయనవీ చేరుస్తారు. లేకపోతే ఇక ఆ పాటలు ఎక్కడా ఉండవు.

మొదటి పాటతో మొదలుపెట్టాడు. అదంటే ఆయనకు సిగ్గు. రికార్డింగు రోజు కరెంటు పోయి వచ్చింది. స్టూడియో టైము అయిపోతోందని గంట ఆగకుండా వాయించేశాడు. అందుకే పాట పొడుగునా శ్రుతి కొద్దికొద్దిగా పైకి పోతుంది. ఇన్నేళ్లుగా పంటి కింద రాయిలా ఉన్న ఆ తప్పును ఇప్పుడు దిద్దాడు.

భార్య తలుపు దగ్గర నిలబడి వింది. “ఏదో పోయిందండీ.”

“ఏం పోయింది?”

“నాకేం తెలుసు? అప్పట్లో వింటుంటే ఎక్కడికో లేచిపోతున్నట్టుండేది. ఇప్పుడు కూర్చున్నచోటే కూర్చుంది.”

“నీకు సంగీతం ఏం తెలుసు?”

“తెలీదు. టీవీ సౌండు తగ్గించడం తెలుసు. వినపడట్లేదని మీరు పెంచుతారు, నేను తగ్గిస్తా.”

ఇంజినీరమ్మా దాదాపు అదే చెప్పింది. “చాలా శుభ్రంగా ఉంది సర్. కానీ ఇది ఆ పాట కాదు. జనానికి గుర్తున్నది ఆ పైకి లేవడమే.”

దిద్దిన తప్పును మళ్లీ చెయ్యాల్సొచ్చింది. చేత్తో శ్రుతి జరుపుతూ వారాల తరబడి వాయించాడు. ప్రతిసారీ తాగనివాడు తాగినట్టు నటించినట్టే వచ్చింది. ఇంజినీరమ్మ ఒక్కటీ ఒప్పుకోలేదు.

చివరికి బావమరిది తెర మీద ఒక నాబ్ బొమ్మ చూపించాడు. దాని పేరు ‘పాతదనం’. “ఇది తిప్పు బావా. శ్రుతి దానంతటదే వంకర పోతుంది.”

“దొంగపని. ఆ రోజు గది ఎంత వేడిగా ఉందో దానికేం తెలుసురా?”

“సరే, రెండు వినిపిస్తా. ఒకటి నీ పాత డిస్కు. ఇంకోటి ఈ నాబ్ చేసింది, దానికీ గీతల చప్పుడు కలిపా. ఏది నీదో నువ్వే చెప్పు.”

వైర్ల బాబాయ్ కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

“రెండోది. మధ్యలో ఒకచోట తడబడింది చూడు, అది నా చెయ్యి. ఇంకెవరికీ రాదది.”

బావమరిది మౌస్ వైరు సర్దాడు.

“అది నాబ్, బావా.”

వాళ్ల వెనకనుంచి భార్య వచ్చి టీవీ పెట్టింది. సౌండు తగ్గించలేదు.

నాబ్ ముప్పై అయిదు దగ్గర పెట్టి పాట పంపారు. ఇంజినీరమ్మకు నచ్చింది. మిగతా అయిదింటికీ అదే పెట్టమంది.

“అవి గంట ఆగి వాయించినవమ్మా. వాటిలో ఏ వంకరా లేదు.”

“అన్నీ ఒకేలా ఉంటే బావుంటుంది సర్.”

మర్నాడు వైర్ల బాబాయ్ కంప్యూటర్ ఆన్ చేసి, వెంటనే రెండో పాట తెరిచాడు. నాబ్ ముప్పై అయిదు.