చేతులక్క

ఆఫీసులో ఆమెను అందరూ చేతులక్క అనేవారు. పుట్టుచెవుడున్న తమ్ముడికి మీటింగుల్లో పక్కన కూర్చుని, నలుగురి మాటలను సైగలుగా, అతడి సైగలను మాటలుగా మార్చడం ఆమె పని. తమ్ముడు ఫోన్లను నడిపించే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. టైపు చేసి చూపించవచ్చు కదా అని కొత్తవాళ్ళు అడిగేవారు. అందరూ ఒకేసారి నోళ్ళు తెరిచే గదిలో ఒక వాక్యం టైపు చేసేలోపు మాట ఎక్కడికో వెళ్ళిపోయేది.

ఆ పనిలోని మాటలకు ఆమెకు తెలిసిన సైగల్లో చోటు లేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ కల్పించుకున్నారు. బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్, అంటే తెర వెనక కనపడకుండా నడిచే పనికి, వీపు వెనక వేళ్ళు ఆడించడం. "చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టిన దొంగలా ఉన్నావే" అని అమ్మ నవ్వేది. రెండు పనులు ఒకదాని దగ్గరున్నదాని కోసం మరొకటి కాచుకుని, రెండూ కదలక ఫోను బిగుసుకుపోతే అది డెడ్‌లాక్. దానికి రెండు చేతులూ ఒకదాని మణికట్టునొకటి గట్టిగా పట్టుకోవాలి. తమ్ముడికి ఆ సైగంటే మహా గర్వం.

ఆ సైగలు ఇంకెవరికీ తెలియవు. అదే ఇప్పుడు ఆమె గుండెల మీద కుంపటి. కుడిచెయ్యి మొద్దుబారుతోంది. మెడలో నరం నలుగుతోందని, ఆపరేషన్ చేసినా పట్టు తిరిగొస్తుందని మాటివ్వలేనని డాక్టర్ చెప్పాడు. ఇంట్లో ఆమె నోరు విప్పలేదు. కొత్త వెర్షన్ ఫోన్లను స్తంభింపజేస్తోంది, నింద తమ్ముడి మీద పడింది. అతడి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ తేలే రోజు ఇది. ఈ ఒక్కరోజు గట్టెక్కితే చాలనుకుంది.

పైవాళ్ళు స్పీకర్‌ఫోన్‌లో వింటామన్నారు. వాళ్ళు లైన్లోకి రాకముందు టెస్టింగ్ చేసే అమ్మాయి అంది. "చేతులక్కా, మన లీడర్‌కి సెలవు అనే సైగ నేర్పవా? మాటల్లో చెబితే ఎక్కట్లేదు."

"ఇవాళ తేడా వస్తే అందరికీ సెలవులే తల్లీ" అన్నాడు టీం లీడర్.

పైవాళ్ళు లైన్లోకి వచ్చాక, తమ్ముడు సైగలతో చెప్పుకుపోతున్నంతసేపూ బాగానే ఉంది. పలకడానికి నోరు చాలు. తర్వాత లీడర్ అడిగాడు. "డెడ్‌లాక్ అంటున్నాడు సరే, అది తన కోడ్ వల్లేనా? అడుగమ్మా."

ఒళ్ళోని కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది. ఎడమవేళ్ళు కుడి మణికట్టును పట్టుకున్నాయి. కుడివేళ్ళు ముడుచుకోలేదు. తమ్ముడు కనుబొమలు ముడిచి, మళ్ళీ అన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్ళీ ప్రయత్నించింది. చెయ్యి జారి చెక్కముక్కలా బల్లకు కొట్టుకుంది. ఆ చప్పుడు వినపడనిది అతడొక్కడికే. అర్థమైందీ అతడొక్కడికే.

అతడి చేతులు కదిలాయి. ఆ గదిలో ఆ చేతులు ఏమన్నా ఆమె పైకి అనాలి. ఇన్నేళ్ళలో ఒక్క మాటా మింగలేదు. ఇదీ పలికింది.

"చేతికేమైందక్కా?"

"ఎవరు ఎవర్ని అడుగుతున్నారు?" అన్నాడు లీడర్.

తమ్ముడు ఆగలేదు, ఆమె కూడా ఆగలేదు. "ఎన్నాళ్ళుగా దాస్తున్నావ్? నాకు కాక ఇంకెవరికి చెబుదామని? పిచ్చిదానా, ఉద్యోగమైతే ఇంకోటి వెతుక్కుంటాను. చెయ్యి ఎక్కడ వెతుక్కుంటావ్?"

తనను తానే తిట్టుకుంటున్న ఆమెను చూసి లీడర్ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఫోన్‌లోంచి ఒక గొంతు విసుక్కుంది. "ఏం జరుగుతోందక్కడ? తప్పు ఎవరిదో చెప్పమనండి. చెప్పలేకపోతే అతనిదే అనుకుంటాం."

"ఒక్క మాటమ్మా, అడుగు" అన్నాడు లీడర్, బతిమాలుతున్నట్టు.

ఎవరిది అనే సైగకు ఒక్క చెయ్యి చాలు. ఎడమచెయ్యి దాన్ని పొల్లుపోకుండా చేసింది. తమ్ముడు చూస్తే కదా. రెండు చేతులతోనూ ఆమె కుడిచేతిని పట్టుకుని, వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి వదులుతున్నాడు. వదిలిన వేలు వదిలినట్టే తెరుచుకుంటోంది. అతడి భుజం తట్టింది. తలెత్తలేదు.

"హలో" అంది ఫోను. "ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదండీ" అంది ఆమె.