‘ఎక్కడైనా సరే’ అని రాసిన పాపానికి

పెద్ద హోటల్లో దిగే యోగం చేతిదాకా వచ్చి జారిపోవడం ఎవరికైనా జరగొచ్చు. నేను మాత్రం మూడు ఉత్తరాలు రాసి, ఒక టెలిగ్రాం కూడా ఇచ్చి, పనిగట్టుకుని నా చేతులతో నేనే జారవిడుచుకున్నాను! అదెట్లా సాధ్యమని అడుగుతారు కదా. చెప్తాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు, మొదటినుంచి వరుసగా చెప్తే గానీ ఊరుకోదు. కాస్త ఓపిక పట్టండి.

ఎనభైల మొదటి రోజులు. నేను నంద్యాలలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. మా నాయన శిల్పి. ఇంటి ముందర పందిరి కింద పొద్దున లేస్తే ఉలి చప్పుడే మాకు కోడికూత.

ఆ ఏడాది నాయనకు మలేషియా నుంచి పని వచ్చింది. అక్కడ పినాంగ్ అనే ఊళ్లో తరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు గుడి కట్టుకుంటున్నారు. అమ్మవారి విగ్రహం కావాలన్నారు. ఇక్కడ ఒక సంగతి వివరించాలి. విగ్రహమంతా ఆళ్లగడ్డలోనే చెక్కినా, కళ్లు మాత్రం గుళ్లో నిలబెట్టాకే తెరవాలి. ఆ పని చెక్కిన శిల్పే చెయ్యాలి. అందుకని ‘మీరే రావాలి, ఇంగ్లీషు తెలిసినవాళ్లను ఒకరిని తోడు తెచ్చుకోండి, ప్రయాణం ఖర్చంతా మాదే’ అని రాశారు. మా ఇంట్లో ఇంగ్లీషు తెలిసింది నాకొక్కదానికే. పిల్లలను మా అత్తమ్మ చూసుకుంటానంది. అట్లా నాకు విదేశయానం రాసిపెట్టి ఉంది!

వాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. అందుకే ఉత్తరాలు ఇంగ్లీషులో వచ్చేవి. అవి నంద్యాల స్కూలు అడ్రసుకు వస్తే, ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి నాయనకు చదివి వినిపించడం, జవాబు రాయడం నా పని. ఒక ఉత్తరంలో గుడి కమిటీ సెక్రటరీ సూర్యనారాయణ గారు ఇట్లా అడిగారు: ‘మీ బసకు రెండు చోట్లున్నాయి. ఒకటి సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన పెద్ద హోటల్. ప్రపంచంలో ఏ దేశానికి పోయినా అదే పేరుతో ఉండే కంపెనీ. మా సభ్యుడొకాయన అక్కడ మేనేజరు. రెండోది గుడి పక్కనే మన తెలుగావిడ నడిపే చిన్న లాడ్జి. ఏది కావాలో రాయండి.’

కవరులో రంగుల బొమ్మల కాగితం ఒకటి మడిచి పెట్టారు. విప్పాను. అయ్యో, ఏం చెప్పను! మల్లెపూవులాంటి దుప్పటి పరిచిన మంచం. గోడంత కిటికీ. దాని పక్క బొమ్మలో తెల్లటి స్నానాల తొట్టి, వెండిలా మెరిసే కొళాయిలు, తలుపుకు లోపలివైపు గడియ.

ఆ గడియ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నవ్వకండి. నంద్యాలలో మేముండిన ఇంట్లో నాలుగు పోర్షన్లు, నాలుగు సంసారాలు, అందరికీ కలిపి ఒకటే స్నానాల గది. దానికి రేకు తలుపు. పొద్దున నెత్తిన రెండు చెంబులు పోసుకునేలోపల ఆ రేకు మీద దబదబా మోత.

“టీచరమ్మా! అయిందా ల్యాదా? మా ఆయప్ప డ్యూటీకి పోవల్ల!”

“ఇదో, వచ్చేస్తాండా!”

పెళ్లయి పదకొండేళ్లు, ఒక్కరోజు కూడా ‘వచ్చేస్తాండా’ అని అరవకుండా స్నానం చేసి ఎరగను. సబ్బు నురగ చెవుల్లోనే ఉండేది, పోయి పాఠం చెప్పేదాన్ని. ఒక్కపూట, ఎవరూ తలుపు తట్టని గదిలో, ఆ తొట్టి నిండా నీళ్లు పెట్టుకుని కూర్చోవాలి. అంతకంటే నాకింకేమీ వద్దనిపించింది. ఆ కాగితాన్ని అటెండెన్స్ రిజిస్టరులో పెట్టుకుని, హాజరు పిలిచేటప్పుడల్లా ఒకసారి చూసుకునేదాన్ని.

ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. నాయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఆ బొమ్మలు తీసుకుని చాలాసేపు చూసినాడు.

“యాడ దిగల్లంట?”

“ఈ పెద్ద హోటలైనా సరే, గుడి పక్కన చిన్న లాడ్జైనా సరేనంట నాయనా. మన ఇష్టమంట.”

“నాకేం తెల్సమ్మా. నువ్వు సదువుకున్నదానివి. నీకు యాడ బాగుంటాదో అదే రాయి.”

ఇక రాయడమే కదా! కలం తీశాను. కలం తీసినాక నా పెంపకం అడ్డొచ్చింది.

మా వైపు పద్ధతి మీకు చెప్పాలి. ఎవరింటికన్నా పోతే, అన్నానికి లెమ్మంటారు. మొదటిసారి ‘ఇప్పుడే తినొచ్చినా’ అనాలి. రెండోసారి ‘వద్దులే అక్కా, ఎందుకు శ్రమ’ అనాలి. మూడోసారి వాళ్లు చెయ్యి పట్టుకుని లాగితే, అప్పుడు ‘నువ్వింతగా చెప్తాండావు కాబట్టి’ అని కంచం ముందర కూర్చోవాలి. కడుపులో ఎంత ఆకలున్నా సరే! మొదటిసారికే కూర్చున్నవాళ్లను తర్వాత పదేళ్లు చెప్పుకుంటారు. అడిగేవాళ్లకూ ఈ లెక్క తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. ఎవరూ ఇంతవరకూ ఆకలితో పోలేదు.

అదే పద్ధతిలో రాశాను: ‘అయ్యా, మాకు ఎక్కడైనా సరే. మా కోసం అంత పెద్ద హోటల్ ఎందుకు? చిన్న గది చాలు.’

రాసి, వాళ్ల రెండో అడుగు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది. ‘మీ నిరాడంబరతకు మా కమిటీ అంతా ముగ్ధులమయ్యాం. లాడ్జిలోనే గది ఏర్పాటు చేశాం.’

స్టాఫ్ రూములో నా మొహం చూసి పక్క కుర్చీలోని మేరీ సుగుణమ్మ ఉత్తరం లాక్కుని చదివింది. ఆమె లెక్కల టీచరు. చర్చిలో పాటలు పాడించే గొంతు, మెల్లగా మాట్లాడటం చేతకాదు.

“ఏందీ! వద్దని నువ్వే రాసినావా? నీకేం పుట్టింది లక్ష్మీ?”

“వాళ్లు ఇంకోసారి అడుగుతారనుకున్నా సుగుణా.”

“సముద్రం ఆవలినుంచి వచ్చి నీ చెయ్యి పట్టుకుని లాగల్లనా?”

నాకూ రోషమొచ్చింది. కానీ ‘మాకు పెద్ద హోటలే కావాలి’ అని నోరు తెరిచి ఎట్లా అడుగుతాం? సూచనగా చెప్పాలనుకున్నాను. ‘మా నాయనగారికి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేరు’ అని రాశాను. పెద్ద హోటల్లోనే కదా లిఫ్ట్ ఉండేది! బుర్రున్నవాళ్లకు అర్థం కావాలి.

జవాబు వచ్చింది. ‘చింతించకండి. లాడ్జిలో కింది గదే ఇప్పిస్తున్నాం. గడప కూడా తీయించేశాం.’

ఇంకొక ఉత్తరం. ఈసారి నేరుగా తొట్టి దగ్గరికే వచ్చాను. ‘నాకు స్నానానికి వేడినీళ్లు, కాస్త ఎక్కువ నీళ్లు అలవాటు.’

జవాబు: ‘లాడ్జి యజమానురాలు అప్పలనరసమ్మ గారికి చెప్పాం. మీరు స్నానం చేసినంతసేపూ ఆమే స్వయంగా కాగులు కాగులు కాచి అందిస్తానన్నారు.’

వాళ్ల మంచితనం చూస్తే ఏడుపొచ్చింది. నిజంగానే!

ప్రయాణానికి ఇంక రెండు వారాలే ఉన్నాయి. సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుని నంద్యాల తంతి ఆఫీసుకు లాక్కుపోయింది. “మూడే మాటలు. ‘పెద్ద హోటలే కావాలి’. ఇంగ్లీషులో రాయి. టెలిగ్రాంలో మర్యాద రాసేదానికి చోటుండదు, నీకు అదే మందు” అంది. నిజమేననిపించింది. ఫారం నింపాను. కిటికీ అవతలి గుమాస్తా మా తొమ్మిదో తరగతి పాప వాళ్ల నాయన. మాటలు లెక్కపెట్టడానికి అడ్రసు మొదలుకొని ఒక్కొక్కటీ పైకి చదవసాగినాడు. నా వెనక వరసలో పది మంది ఉన్నారు.

“టీచరమ్మా, మలేషియా పోతాండారా! బలే. మా పాప మీ మాటలే చెప్తాంటుంది ఇంట్లో. ఎవురింటికి పోయినా అది కావల్ల, ఇది కావల్ల అని నోరు తెరిచి అడగగూడదు, పెట్టింది తినల్ల అని మీరే చెప్పినారంట గదా?”

“అవునప్పా.”

“మంచి బుద్ధులు నేర్పిస్తాండారు. సరే, ఇదేంది, ‘పెద్ద హోటలే...’”

“ఇట్లియ్యప్పా, తప్పు రాసినా!” అని ఫారం గుంజుకున్నాను. ఉన్న మాటలు కొట్టేసి, ‘ఎక్కడైనా సంతోషమే’ అని అర్థమొచ్చేటట్టు ఇంగ్లీషులో మూడు మాటలు రాసిచ్చాను. సుగుణమ్మ ఇంటిదాకా నాతో మాట్లాడలేదు. ఆమె జీవితంలో మాట్లాడని అరగంట అదొక్కటే.

పినాంగ్ పోయాం. అప్పలనరసమ్మ గారు బంగారంలాంటి మనిషి. ఎర్రచీర, నోట్లో వక్క, తాతల నాటి విశాఖ వైపు తెలుగు. గదీ శుభ్రంగా ఉంది. స్నానాల గది మాత్రం బయట, ఆరు గదులకూ కలిపి ఒకటి. పోనీలే అనుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నానో లేదో, దబదబా మోత!

“అమ్మా! నీలు సరిపోనాయేటి? ఇంకో కాగు తెచ్చినాను!”

“చాలమ్మా!”

“సెక్రట్రీ బాబు చెప్పినారు, నీకు ఎక్కువ నీలు కావాలని. తలుపు తియ్యి!”

నాలుగు రోజులు, పూటకు మూడు కాగులు. నంద్యాలలో తొందరగా బయటికి రమ్మని తట్టేవాళ్లు. ఇక్కడ వచ్చేస్తానంటే పోనియ్యరు! అంత దూరం విమానమెక్కి పోయి, తలుపు అవతలికి ‘వచ్చేస్తాండా’ అని అరుస్తూనే ఉన్నాను. మా గది కిటికీలోంచి చూస్తే, కొబ్బరిచెట్ల వెనక ఆ పెద్ద హోటలు. లెక్కపెట్టాను, పదకొండు అంతస్తులు. ఒక్కో కిటికీ వెనకా ఒక్కో గడియ ఉంటుంది కదా అనుకుంటూ చూసేదాన్ని.

నాయన అమ్మవారి కళ్లు తెరిచినాడు. జనం చేతులెత్తి మొక్కారు. ఆ సాయంత్రం సూర్యనారాయణ గారు ఆనందం పట్టలేక లాడ్జికి వచ్చారు.

“అమ్మా, పెద్ద హోటల్లో మేనేజరు గారు ఒక గది మీకోసం తీసి ఉంచారు. రేపు సాయంత్రం గదా విమానం. ఈ ఒక్కరోజు అక్కడ ఉంటారా?”

ఉంటాను బాబూ, ఇప్పుడే వస్తాను, నడిచైనా వస్తాను! అదీ లోపలి మాట. నోట్లోంచి వచ్చింది వేరే.

“అయ్యో, ఎందుకండీ! ఇక్కడ హాయిగా ఉంది.”

“మంచిదమ్మా” అని ఆయన చేతులు జోడించి వెళ్లిపోయారు. గుమ్మం దాకా కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నాయన మంచం మీద కూర్చుని నన్నే చూస్తాండాడు.

“ఏమ్మా, నీకు ఆడికి పోవల్లని ల్యాదా?”

ఇంక దాచలేకపోయాను. “ఉండె నాయనా. ఇంకోసారి అడుగుతాడనుకున్నా.”

నాయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “నాకూ ఉండె.”

“నీకా!”

“అదే, మెట్లు ల్యాకుండా మనిషిని పైకి తీసకపోయే పెట్టె ఉంటాదంట గదా. ఒక్కతూరి దాంట్లో పైదాకా పోయి, సముద్రం చూసి దిగొద్దామని. నువ్వేమో చిన్న గదే చాలని రాస్తివి. బిడ్డకు ఇష్టం ల్యాదేమోలే అని ఊరుకుంటి.”

ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ఆ హోటలు వైపు చూశాం. సాయంత్రం ఎండ అద్దాల మీద పడి, అంతస్తు తర్వాత అంతస్తు మెరిసిపోతూ ఉంది.

“ఇప్పుడు పోయి అడుగుదామా?” అన్నాడు నాయన.

“బాగుండదు నాయనా.”

“అవును. బాగుండదు.”

తర్వాతి కాలంలో నేను లిఫ్టులూ ఎక్కాను, గడియ ఉన్న స్నానాల గదులూ నాకు బోలెడు వచ్చాయి. కానీ లిఫ్టు తలుపులు మూసుకునేటప్పుడల్లా పక్కన తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి ఒకరు నిలబడి ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. నాయన మాత్రం చనిపోయేదాకా లిఫ్టు ఎక్కనేలేదు. ఆళ్లగడ్డలో అప్పుడు ఎక్కడుంది లిఫ్టు?

మరుసటి సాయంత్రం విమానాశ్రయానికి సాగనంపడానికి కమిటీ అంతా వచ్చింది. దండలు వేశారు. సూర్యనారాయణ గారు నా చేతిలో పళ్ల బుట్ట పెట్టి, “వచ్చే ఏడు నవగ్రహాలు పెడదామనుకుంటున్నాం. మళ్లీ మీరే రావాలి. ఈసారి ఎక్కడ దిగుతారమ్మా? ఇప్పుడే చెప్పేయండి” అన్నారు.

నాయన నా మోచేతిని గట్టిగా పొడిచినాడు. నేను నోరు తెరిచాను. ఊపిరి తీసుకున్నాను.

“మీకు ఎక్కడ వీలైతే అక్కడేనండీ” అన్నాను.

నాయన నా ముందర విమానం మెట్లు ఎక్కినాడు. పైమెట్టు మీద ఆగి, నావైపు తిరిగి, దండ సర్దుకుంటూ అన్నాడు:

“నిన్నిట్లా పెంచింది నేనే గదమ్మా. తప్పు నాదే, నడువు.”